రెండు రోజుల ట్రైనింగ్ అయింది, సర్టిఫికెట్ వచ్చింది. ఇక ఏం నేర్చుకోవాలి, పనిచేసిందో లేదో ఎట్లా తేల్చాలి?

మేడమ్, మీరడిగింది క్లుప్తంగా ఇది. ఆదోని పక్క జడ్పీ హైస్కూల్లో సైన్స్ చెప్తారు, 420 మంది పిల్లలు, మిమ్మల్ని హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్‌గా వేశారు. పిల్లల మానసిక ఆరోగ్యం మీద రెండు రోజుల ట్రైనింగ్ అయింది కానీ ధైర్యం రాలేదు. ఇంకా ఎక్కడ నేర్చుకోవచ్చు, ఏ సర్టిఫికెట్‌కు విలువుంది, బడిలో చేసే కార్యక్రమం పనిచేస్తోందని ఎంఈఓ గారికి ఎట్లా చూపాలి?

ముందు సర్టిఫికెట్ల మాట పక్కనపెట్టి ఒక కాగితం రాయండి. శుక్రవారం సాయంత్రం, ఇంటి బెల్లు కొట్టబోతుండగా తొమ్మిదో తరగతి పిల్ల మీ దగ్గరికొచ్చి "బతకబుద్ధి కావట్లేదు మేడమ్" అంది. తర్వాతి గంటలో ఎవరెవరికి ఫోన్ చేస్తారు? పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు? ఏ ఆసుపత్రికి, ఎవరి బండిలో, ఎవరి డబ్బుతో? ఇది తేలని బడిలో ఎన్ని కోర్సులు చేసినా ఫలం ఒకటే. బాధను కనిపెట్టడం వచ్చి, పంపే చోటు తెలియక చేతులు నలుపుకునే టీచరు తయారవుతారు.

ఆ కాగితంలో మొదటి నంబరు టెలీ మానస్, 14416. ఇది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. పిల్లలే చేయాలని లేదు. "నా దగ్గర ఇట్లాంటి పిల్ల ఉంది, ఇప్పుడు నేనేం చేయాలి" అని టీచరూ అడగొచ్చు. రెండోది పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఆ తర్వాత ఆసుపత్రి. ఆదోనిలో మానసిక వైద్యుల ఓపీ ఉందా, ఏ రోజు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందం ఎప్పుడొస్తుంది అనేది ఒకసారి మీరే వెళ్లి కనుక్కుని రాసుకోండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ వైపు ఊళ్ల వాళ్లు కర్నూలు కంటే దగ్గరని బళ్లారికి పోతారు. అది మరో రాష్ట్రమైనా తప్పేం లేదు, చేరడం ముఖ్యం. అనంతపురం వాళ్లకైతే అక్కడి జనరల్ ఆసుపత్రి, దాటితే బెంగళూరు నిమ్హాన్స్. కడప వాళ్లకు రిమ్స్.

అదే కాగితం వెనకవైపు చట్టం రాసుకోండి. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. హెడ్‌మాస్టరు వద్దన్నా, పిల్ల తల్లిదండ్రులు పరువు పోతుందన్నా ఆ బాధ్యత మీ మీదనుంచి పోదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే "ఎవరికీ చెప్పను, నాతో చెప్పు" అని పిల్లలకు ఎప్పుడూ మాటివ్వకండి. "నీకు ప్రమాదమని తెలిస్తే మాత్రం నీకు సాయం చేయగలిగిన వాళ్లకు చెప్తాను, చెప్పే ముందు నీకు చెప్తాను" అనండి. రెండు రోజుల శిక్షణల్లో ఎక్కువగా ఎగిరిపోయే భాగం ఇదే.

ఇక నేర్చుకోవడం. మీ పని కౌన్సెలింగ్ చేయడం కాదని మొదట ఒప్పుకుంటే సగం భారం దిగుతుంది. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో సెహెర్ పేరుతో ఒక పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో లే కౌన్సెలర్ల చేత, అంటే వృత్తి నిపుణులు కాకపోయినా శిక్షణ ఇచ్చి ఆ పనికే పెట్టినవాళ్ల చేత, కొన్నిట్లో అక్కడి టీచర్ల చేత చేయించారు. లే కౌన్సెలర్లున్న బడుల్లో వాతావరణం మెరుగైంది, దిగులు లక్షణాలు, వేధింపులు తగ్గాయి. టీచర్లు చేసిన బడుల్లో, ఈ కార్యక్రమం లేని బడులకంటే తేడా కనిపించలేదు. యూరప్‌లో 10 దేశాల్లో 168 బడుల్లో, 11,110 మంది పిల్లలతో జరిగిన సేలే అధ్యయనం 2015లో చెప్పిందీ దాని పక్కనే ఉంటుంది. పిల్లలతోనే నేరుగా చేసిన కార్యక్రమం ఏడాది తర్వాత ఆత్మహత్యా ప్రయత్నాలను తగ్గించింది. టీచర్లకు లక్షణాలు గుర్తించే శిక్షణ మాత్రమే ఇచ్చిన చోట చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. ఇందులో టీచర్ల తప్పేం లేదు. సిలబస్, మధ్యాహ్న భోజనం ఫొటోలు, యాప్‌లు అన్నీ మోస్తూ, మార్కులు వేసే మనిషే మనసు విప్పించుకునే మనిషి కావడం కష్టం.

కాబట్టి హెడ్‌మాస్టరు గారికి ఒక మాట ఎక్కించండి. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటి విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ జరగాలి. హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేచోట రాయాలి. మీది 420 మంది బడి. కౌన్సెలర్ పోస్టు రేపే వస్తుందని కాదు. కానీ అడిగే లేఖలో ఈ తేదీ ఉంటే దాన్ని పక్కన పడేయడం కష్టం.

మీకు కావలసిన మొదటి నైపుణ్యం సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్, అంటే మనసుకు ప్రథమ చికిత్స. చూడు, విను, కలుపు అని మూడు అడుగులుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పుస్తకమే వేసింది. ఒకరోజులో నేర్చుకోవచ్చు, ఆర్నెల్లకోసారి మళ్లీ చేయకపోతే మర్చిపోతారు. దీనికి కాగితం చదవడం చాలదు, నోటికి అలవాటు కావాలి. మరీ ముఖ్యంగా చావు గురించి సూటిగా అడగడం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్నది అందరి భయం. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు తేల్చాయి. ఇద్దరు టీచర్లు ఎదురెదురుగా కూర్చుని ఇట్లా పైకి అని చూడండి:

"వారం నుంచి చూస్తున్నా, బాగా బేజారుగా ఉన్నావు. ఇంత కష్టమొచ్చినప్పుడు కొందరికి చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. నీకట్లా అనిపించిందా?"

అని ఆగాలి. ఐదారు సెకన్లు గమ్మున ఉండటం రావాలి, అదే అన్నిటికంటే కష్టం. మనవాళ్లు ఆ ఖాళీలో "అట్లాంటివేం పెట్టుకోకు, అమ్మానాన్న ఏమైపోతారు" అని పూరించేస్తారు. ఆ ఒక్క వాక్యంతో పిల్ల తలూపి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, అదే రోజు పెద్దవాళ్లకు అప్పజెప్పాలి. పత్తి, మిరప పండించే ఇళ్లలో పురుగుల మందు చేతికందేచోట ఉంటుంది. దాన్ని ఆ పూటే వేరొకరింటికి చేర్చమని తల్లిదండ్రులకు చెప్పడం మీ పనిలో భాగమే.

శిక్షణ ఇస్తామని ఎవరొచ్చినా ఈ సంగతులు అడగండి: బ్యాచ్‌లో ఎంతమంది (30 దాటితే అభ్యాసం జరగదు), మొత్తం సమయంలో రోల్‌ప్లేకి ఎంత (మూడో వంతు కూడా లేకపోతే అది ఉపన్యాసం), మూడు నెలలకు మళ్లీ వస్తారా, కేసు వచ్చినప్పుడు ఫోన్లో మాట్లాడే నిపుణులు ఎవరు. చివరి ప్రశ్నకు జవాబు లేనివాళ్లను టీ ఇచ్చి పంపేయొచ్చు.

ఉచితంగా, ఇంటినుంచి: టీచర్ల ఆన్‌లైన్ వేదిక దీక్షలో నిష్ఠ అనే శిక్షణ మాడ్యూళ్లున్నాయి, పునాదికి చాలు, అంతకుమించి ఆశించకండి. నిమ్హాన్స్‌లో పిల్లల రక్షణ, మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంవాద్ విభాగం టీచర్లకూ ఆన్‌లైన్ శిక్షణలు పెడుతుంది. మాటలు, ఉదాహరణలు మన పిల్లలకు దగ్గరగా ఉంటాయి. ఇంగ్లీషు ఇబ్బంది లేకపోతే కోర్సెరాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ల సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు కొద్ది గంటల పని.

గట్టి అర్హత కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా. ఏడాది కోర్సు: ఆరు నెలలు దూరవిద్యలో, మూడు నెలలు కేంద్రంలో, మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. మనకు దగ్గరి కేంద్రం మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ. చిక్కంతా ఆ నడిమి మూడు నెలల దగ్గరే, డిప్యుటేషన్ లేకుండా బడి వదిలి వెళ్లలేరు. దరఖాస్తుకంటే ముందు డీఈఓ ఆఫీసులో ఆ సంగతి తేల్చుకోండి. సీటొచ్చాక ఉత్తర్వు రాక ఆగిపోవడం ఈ కోర్సులో మామూలుగా జరిగే నష్టం.

ఒక హెచ్చరిక. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో సైకాలజీ పీజీ చేద్దామనే ఆలోచన మన టీచర్లలో చాలామందికి ఉంటుంది. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ ఆపేసింది. ఇంకా ఇస్తామని ప్రకటన కనిపిస్తే ఫీజు కట్టకముందే యూజీసీ సైట్లో చూసుకోండి. అట్లాగే క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదుండాలి. వారాంతపు కోర్సు చేసి పేరు పక్కన ఆ మాట రాసుకునేవాళ్లను బడికి పిలవకండి.

ఇక మూల్యాంకనం. మీరు నిజంగా ఇరుక్కున్నది ఇక్కడ, కాబట్టి కొంచెం నెమ్మదిగా.

శిక్షణ చివర "ఎట్లా ఉంది" అని నింపించే ఫారంతో ఏమీ తేలదు. భోజనం బాగుంటే మార్కులు బాగుంటాయి. శిక్షణ ఫలితం కొలవడానికి కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లో వేసిన నాలుగు మెట్లు ఇప్పటికీ పనికొస్తాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, చేతల్లో మారిందా, పిల్లలకు మేలైందా. మన నివేదికలన్నీ మొదటి మెట్టు మీద నిలబడి నాలుగోది అందుకున్నామని రాస్తాయి. మీరు మూడో మెట్టును గట్టిగా కొలవండి. నాలుగోదాన్ని జాగ్రత్తగా తాకండి.

మూడో మెట్టుకు ఒక రిజిస్టరు చాలు, పేర్లుండవు, లెక్కలే. పెట్టాలనుకున్న సెషన్లెన్ని, జరిగినవెన్ని, ఒక్కోటి ఎన్ని నిమిషాలు. తమంతట తాము మాట్లాడటానికొచ్చిన పిల్లలెందరు. బయటికి పంపినవారెందరు, నిజంగా చేరినవారెందరు, గమనించిన రోజునుంచి చేరేదాకా ఎన్ని రోజులు. ఇందులో బంగారం లాంటి అంకె "పంపినవాళ్లలో చేరినవాళ్లు". 9 మందిని పంపితే 3 చేరారనుకోండి. మిగతా 6 ఇళ్లకు ఫోన్ చేస్తే కారణాలు బయటపడతాయి: కూలి పోతుంది, ఓపీ రోజు తప్పు చెప్పారు, పిచ్చాసుపత్రికి పంపారంటే పిల్లకు పెళ్లి కాదు. ఒక్కోదానికి ఒక్కో మందుంది. తేదీ రాసిన చీటీ, తోడుగా ఆశా కార్యకర్త, "మానసిక" అన్న మాట మొదట వాడకుండా "నిద్ర, తలనొప్పి చూపించుకుని రండి" అనడం. మరుసటి టర్మ్‌లో 9కి 6 చేరితే, ఎంఈఓ గారికి చూపడానికి అంతకంటే నిజాయితీ గల రుజువు అక్కర్లేదు.

ఒకటి ముందే ఆయనకు చెప్పి ఉంచండి: కార్యక్రమం బాగా జరిగితే మొదట్లో కేసులు పెరుగుతాయి. పోయినేడు 2, ఈ ఏడు 11 అని చూసి "వీళ్లే పిల్లల బుర్రల్లో లేనిపోనివి ఎక్కిస్తున్నారు" అనే పెద్దమనిషి ఎక్కడైనా ఉంటాడు. పోయినేడు మిగతావాళ్లు కనిపించలేదు, అంతే.

నాలుగో మెట్టుకు ప్రశ్నావళి కావాలి. బడి స్థాయిలో మనసు ఎంత బాగుందో కొలిచే డబ్ల్యూహెచ్‌ఓ-5 చాలు. ఐదే ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తాన్ని 4తో హెచ్చిస్తే నూటికి వస్తుంది. ఎక్కువైతే మంచిది. దిగులు లక్షణాలు కొలిచే పీహెచ్‌క్యూ-9 మాత్రం మీ అంతట మీరు తరగతిలో పంచకండి. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. పేర్లు లేని కాగితాల్లో ఎవరో "రోజూ" అని గీశారు, ఎవరో మీకు తెలియదు. ఆ రాత్రి మీకు నిద్ర పట్టదు, ఆ పిల్లకు సాయమూ అందదు. వెంటనే స్పందించే ఏర్పాటు లేకుండా ఆ ప్రశ్న అడగకూడదు.

తెలుగు ప్రతి వాడేముందు ఆరేడుగురు పిల్లల్ని కూర్చోబెట్టి పైకి చదివించి, "నీకేం అర్థమైంది" అని అడగండి. "చురుగ్గా ఉన్నాను" అంటే మన బడుల్లో "బాగా చదువుతాను" అని అర్థం. "ప్రశాంతంగా" అంటే అల్లరి చేయకుండా కూర్చోవడం అనుకుంటారు. మీ వైపు ఇంట్లో కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, వాళ్లను కూడా ఆ గుంపులో పెట్టండి. మాట మార్చకుండా నోటితో ఒక ఉదాహరణ చెప్పడం మేలు. మారిస్తే ఏం మార్చారో రాసి ఉంచి, రెండుసార్లూ అదే వాడండి. "గత రెండు వారాలు" అన్నప్పుడు ఒక గుర్తు చెప్పండి, వినాయక చవితి నుంచి ఇవాళ్టిదాకా అన్నట్టు. తల్లిదండ్రుల అనుమతి, పిల్ల ఇష్టం రెండూ కావాలి. నింపేటప్పుడు క్లాసు టీచరు గదిలో ఉండొద్దు.

ముందు, తర్వాత కాగితాలను జతచేయడానికి పేరు బదులు కోడ్ పెట్టండి. పుట్టినతేదీ ఒక్కటే వాడితే మన దగ్గర నవ్వులపాలే, చేర్చేటప్పుడు బడిలో రాసిన జూన్ 1 సగం క్లాసుకు ఉంటుంది. అమ్మ పేరులో మొదటి అక్షరం, తనకంటే పెద్ద తోబుట్టువుల సంఖ్య, నాన్న పేరులో చివరి అక్షరం, ఇవి కలిపితే తరగతిలో దాదాపు ఎవరి కోడ్ వారిదే అవుతుంది.

ఇప్పుడు ఆదోని డివిజన్ అసలు సమస్య, వలస. పంటలు అయిపోగానే గుంటూరు మిరప కోతలకు కుటుంబాలు లేస్తాయి, పిల్లలూ పోతారు, కొందరే సీజనల్ హాస్టళ్లలో ఆగుతారు. జూలైలో కొలిచి ఫిబ్రవరిలో మళ్లీ కొలిస్తే ఏమవుతుందో ఒక ఊహా లెక్కతో చూడండి. ఎనిమిది ఏ సెక్షన్‌లో 42 మంది, డబ్ల్యూహెచ్‌ఓ-5 జూలై సగటు 52. మధ్యలో 7 మంది వలస పోయారు. అసలే ఇంట్లో ఇబ్బందులున్న పిల్లలు, వాళ్ల జూలై సగటు 42. మిగిలిన 35 మందిది 54. ఫిబ్రవరిలో ఈ 35 మంది సగటు 60 వచ్చింది. నివేదికలో "52 నుంచి 60కి, 8 పెరిగింది" అని రాస్తారు. కానీ మీరు సెషన్ ఒక్కటీ పెట్టకపోయినా, ఎవరి మనసూ మారకపోయినా, మిగిలినవాళ్ల సగటు 54 ఉండేది. అందులో 2 వలస ఇచ్చిన పెరుగుదల. జతకుదిరిన పిల్లల్నే, అంటే రెండుసార్లూ కాగితం నింపినవాళ్లనే, తీసుకుంటే పెరిగింది 6. అదే కాలంలో కార్యక్రమం ఇంకా మొదలుకాని బీ సెక్షన్‌లో జతకుదిరినవాళ్లు 53 నుంచి 57కి వెళ్లారు, 4 పెరిగింది. అంటే మీ కార్యక్రమానికి జమ కట్టగలిగింది 2. ముప్పై అయిదు మంది పిల్లల్లో 2 అంటే గాలికి ఊగే తేడా. ఉందని చెప్పలేం, లేదని చెప్పలేం. ఎనిమిదని రాసిన నివేదిక, రెండని రాసిన నివేదిక ఒకే కాగితాల్లోంచి వచ్చాయని గమనించండి.

అందుకని మీ బడికి నప్పే అమరిక ఇది. జూలై ఆఖరి వారంలో రెండు సెక్షన్లకూ కొలత. ఆగస్టు నుంచి ఏ సెక్షన్‌కు వారానికో గంట. కేంద్ర పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలు, 24 వారాలు అని ఉంది, నిజమే. కానీ వలసకు ముందు 24 వారాలు మీకు దొరకవు. భావోద్వేగాలు, స్నేహాలు, ఇంటర్నెట్ వాడకం ఇట్లాంటి వాటిలోంచి 8 లేదా 10 సెషన్లు ఏరుకోండి. కుటుంబాలు లేవకముందే రెండో కొలత, అదీ దసరా సెలవులనుంచి వచ్చి రెండు వారాలు దాటాక, పరీక్షలు లేని వారంలో. సెలవుల తర్వాత అందరూ సంతోషంగానే ఉంటారు, పరీక్షలప్పుడు అందరూ దిగులుగానే ఉంటారు. ఆ తర్వాత బీ సెక్షన్‌కు కార్యక్రమం. ఎవరికీ అన్యాయం జరగదు, పోలికా దొరుకుతుంది. పక్క సెక్షన్ పిల్లలు ఇంటర్వెల్లో మాట్లాడుకుంటారు కాబట్టి తేడా కొంత చెరిగిపోతుంది, దానికేం చేయలేం, రాసి పెట్టండి.

బాగా దిగులుగా ఉన్న పదిమందినే ఏరి, వాళ్లకే సెషన్లు పెట్టి, వాళ్ల డబ్ల్యూహెచ్‌ఓ-5 అంకెలు పెరిగాయని చూపకండి. అడుగున ఉన్నవాళ్లను ఏరితే ఏమీ చేయకపోయినా రెండోసారి కొంత పైకొస్తారు, ఆ రోజు మరీ బాగోలేక అడుగున పడినవాళ్లు కొందరుంటారు గనక.

ఈ లెక్కల వెనక తర్కం పద్ధతిగా నేర్చుకోవాలంటే ఆన్‌లైన్‌లో జె-పాల్ అనే పరిశోధన సంస్థ వాళ్ల కోర్సు, సామాజిక కార్యక్రమాల మూల్యాంకనం మీద, ఉంది. ఇంగ్లీషులోనే. టీచరుకు దాంట్లో మార్పు ఎట్లా జరుగుతుందన్న గొలుసు, కొలవడం అనే భాగాలు చాలు, శాంపిల్ సైజు లెక్కల దగ్గర ఆగిపోయినా నష్టం లేదు. బెటర్ ఇవాల్యుయేషన్ అనే సైటు ఉచితం. కడపలో ఉండి లెక్కల సాయం కావాలంటే యోగి వేమన విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగంలో అడగండి. పీజీ పిల్లలకు ప్రాజెక్టు కావాలి, మీకు చేయి కావాలి.

ఎంఈఓ గారికి ఒక్క పేజీ. ఎన్ని సెషన్లు జరిగాయి, పంపినవాళ్లలో ఎందరు చేరారు, చేరనివాళ్లకు అడ్డేమిటి, డబ్ల్యూహెచ్‌ఓ-5 తేడా రెండు సెక్షన్లకూ పక్కపక్కన, వలస పోయినవాళ్లెందరు. అడుగున మీకు కావలసినది ఒకటే రాయండి, రెండు రాస్తే ఏదీ రాదు.

క్యాలెండరులో ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ ఆఖర్లో, సరిగ్గా వేసవి సెలవులిచ్చే రోజుల్లో వస్తున్నాయి. అప్పటికి బడికి తాళం. మార్చిలోనే పదో తరగతి పిల్లల ఇళ్ల ఫోన్లు, వలసలో ఉన్నవాళ్ల మేస్త్రీ నంబర్లతో సహా, ఇద్దరు టీచర్ల దగ్గర ఉంచండి. ఫలితాలొచ్చిన పూటే తప్పినవాళ్లకు, అనుకున్నదానికంటే బాగా తక్కువ వచ్చినవాళ్లకు ఫోన్ వెళ్లాలి. సప్లిమెంటరీ తేదీ చెప్పి, "రాత్రికి ఇంట్లో ఎవరున్నారు" అని అడగండి. ఎన్ని ఫోన్లు చేశారో, ఎన్ని కలిశాయో ఆ రిజిస్టర్లోనే రాయండి.